ఐదు సెంట్ల చెరువు

తనకో చెరువు ఉందన్న సంగతి ఖాదర్‌బాషాకి యాభై ఎనిమిదో ఏట తెలిసింది. అది కూడా ఇంటి ప్లాను పాసయిందో లేదో కనుక్కుందామని, తల దువ్వుకుని, జేబులో నాలుగు కాగితాలు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళిన రోజున తెలిసింది.

అంతకుముందు ఆయనకి ఏమేం ఉన్నాయో తిరువూరులో అందరికీ తెలుసు. బజారు వెనక సందులో ముప్పై ఏళ్ళ నాటి టెంట్ హౌస్ ఉంది. అందులో షామియానాలు, టార్పాలిన్లు, ప్లాస్టిక్ కుర్చీలు, వంట గుండిగలు, ఇనప గొట్టాలు ఉన్నాయి. ఆ గోడౌను మీద అద్దెకున్న రెండు గదులు, ఆ గదుల్లో భార్య అబీదా ఉన్నారు. ఊరి చివర, పెనుగొలను వైపు వెళ్ళే రోడ్డు పక్కన, ఐదు సెంట్ల స్థలం ఉంది. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరింట్లో చావయినా, ఎవరు మీటింగ్ పెట్టినా జనం నెత్తిన నీడ వేసేది ఖాదర్‌బాషాయే. అంతమందికి నీడ వేసినవాడు సొంత భార్యకి మాత్రం ఒక కప్పు వేయలేకపోయాడు. ఈ మాట నేననడం కాదు, తనని తాను తిట్టుకునేటప్పుడు ఆయనే అనుకునేవాడు.

అబీదా పొడుగరి. ఆ అద్దె గదుల్లో వంటకని ఇచ్చింది డాబా మీదికి వెళ్ళే మెట్ల కింద మూల. పొయ్యి ముందు నిటారుగా నిలబడితే తల మెట్టుకి కొట్టుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ వంగి అన్నం వండుతోంది, వంగి కూర కలుపుతోంది, వంగే మొగుడితో మాట్లాడుతోంది. ఆవిడ ఎన్నడూ నగలు అడగలేదు, ఊళ్ళు తిప్పమని అడగలేదు. నిలబడి వంట చేసుకునే ఇల్లు ఒకటి కట్టించమని మాత్రం పెళ్ళయిన రెండో ఏటి నుంచీ అడుగుతూనే ఉంది. ఇన్నాళ్ళకి ఇటుకా సిమెంటూ మేస్త్రీ అన్నీ కుదిరాయి. ప్లాను ఒక్కటే మిగిలింది.

ప్లాన్లు చూసే ఆఫీసరు ఉదయ్ కుమార్ వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. మనిషిని కూర్చోమంటాడు, మంచినీళ్ళిప్పిస్తాడు, నమ్మడం మాత్రం కంప్యూటర్నే నమ్ముతాడు. ఆయన ఆ కంప్యూటర్ని ఇటు తిప్పి, ఉపగ్రహం తీసిన ఫొటోలతో కొత్తగా తయారవుతున్న పటం చూపించాడు. ఊరూ చుట్టుపక్కల పొలాలూ అన్నీ చిన్న చిన్న గళ్ళుగా ఉన్నాయి. ఇళ్ళు ఎరుపు, మామిడి తోటలు ముదురాకుపచ్చ, మిర్చి చేలు లేతాకుపచ్చ, బీడు నేల గోధుమరంగు, నీళ్ళు నీలం. ఖాదర్‌బాషా స్థలం ఉన్నచోట రెండు గళ్ళు చక్కగా, నిండుగా నీలంగా ఉన్నాయి.

అది జలవనరనీ, జలవనరులో ఇల్లు కట్టడానికి అనుమతి ఇవ్వకూడదనీ ఉదయ్ కుమార్ చెప్పాడు. అక్కడ బోరు వేస్తే రెండొందల అడుగుల దాకా దుమ్మే వచ్చిందని ఖాదర్‌బాషా మొత్తుకున్నాడు.

"మనుషులు చెబితే పొరపాటు ఉండొచ్చు బాషా గారూ. ఇది శాటిలైట్ అండి. దానికీ మీకూ ఏం పేచీ?" అన్నాడు ఉదయ్ కుమార్.

నిజమే, ఏ పేచీ లేదు. ఖాదర్‌బాషా కాగితాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసు మెట్లు దిగి, స్కూటర్ ఎక్కి, తిన్నగా స్థలం దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని చెప్పు విడిచి, పాదంతో నేలని తొక్కి చూశాడు. చుర్రుమని కాలింది. ఎందుకైనా మంచిదని ఆ మూలా ఈ మూలా కూడా తొక్కి చూసి ఇంటికొచ్చాడు.

ఆ స్థలం ఎప్పుడూ ఖాళీగా ఉండదన్న సంగతి మాత్రం ఆయనకి ఆ పూట తట్టలేదు. రాత్రి పెళ్ళయ్యాక తెల్లారి టార్పాలిన్లు విప్పుతారు. మంచుకో, మురికికో, కడిగిన నీళ్ళకో అవి తడిసి ఉంటాయి. తడివి మడతపెడితే బూజు పడతాయి. కాబట్టి పొద్దున్న తొమ్మిదింటికల్లా పనివాళ్ళు వాటిని తెచ్చి ఆ ఐదు సెంట్లలో అంచు నుంచి అంచు దాకా పరుస్తారు, ఒంటిగంటకి మడతేస్తారు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇది నిత్యం జరిగేదే. ఆ టార్పాలిన్లన్నీ నీలం రంగువి. మీకు ఈపాటికి విషయం బోధపడే ఉంటుంది. ఖాదర్‌బాషాకి పడలేదు. పనిముట్టుని రోజూ చూసేవాడికి దాని రంగు ఏమిటో గుర్తుండదు.

చెరువు వార్త రెండు రోజుల్లో ఊరంతా పాకింది. దోమల మందు కొట్టేవాళ్ళు ఇద్దరు డబ్బాలు వీపున తగిలించుకుని వచ్చి, నీళ్ళు ఎక్కడున్నాయో చూపించమన్నారు. చేపపిల్లల వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, బొచ్చె వదులుతారా, శీలావతి వదులుతారా అని అడిగాడు. బజార్లో టీ కొట్టు దగ్గర స్నేహితులు ఈ ఏడు కాలువలు ఎప్పుడు వదులుతున్నారని వాకబు చేశారు. ఖాదర్‌బాషా నవ్వేవాళ్ళతో నవ్వాడు. ఇంటికొచ్చి అబీదా ముందు నవ్వలేకపోయాడు.

అబీదా కాగితాలు తీసుకుని చూసింది, తిరిగి కవర్లో పెట్టింది, మెట్ల కిందికి వంగి అన్నం దించింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఒక నంబరు ఉందంటే దానికి ఫోన్ చేశాడు. అవతల ఎత్తింది సాయిప్రసన్న. విజయవాడలో ఉంటుంది, ఆ పటం తయారు చేసేది ఆ అమ్మాయే. గౌరవంగా, ఓపిగ్గా మాట్లాడింది. ఉపగ్రహం ఐదు రోజులకోసారి, పొద్దున్న పదీ నలభైకి తిరువూరు మీదుగా వెళుతుందనీ, ఒక్కో గడి నేలమీద పది మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పనీ, ఆయన స్థలం మొత్తం రెండు గళ్ళేననీ చెప్పింది. వరసగా మూడు ఫొటోల్లో అక్కడ నీళ్ళు కనిపించాయట. పటంలో అనుమానం ఉన్నచోటికి తనే వెళ్ళి కళ్ళతో చూసి రాసుకుంటుందట. ఏప్రిల్ ఎనిమిదిన ఉపగ్రహం వెళ్ళే వేళకి తనూ వస్తానంది. ఆ రోజు ఫొటోని, నేలని పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. నెలాఖరుకి పటం ఖాయమవుతుంది కాబట్టి ఈలోపే తేల్చుకోవాలని, ఆ తర్వాత మార్పులంటే ఎన్నేళ్ళు పడుతుందో తనకీ తెలియదని హెచ్చరించింది. చివర్లో ఒక మాట రెండుసార్లు చెప్పింది, స్థలాన్ని ఉన్నదున్నట్టు ఉంచమని.

ఉన్నదున్నట్టే ఉంచుదామని ఖాదర్‌బాషా అనుకున్నాడు. ఏడో తారీకు సాయంత్రం దాకా అదే మాట మీద ఉన్నాడు. అప్పుడు ఉదయ్ కుమార్ ఫోన్ చేసి, విజయవాడ మేడంతో పాటు తనూ వస్తున్నానని చెప్పాడు. అంతే, ముప్పై ఏళ్ళ టెంట్ హౌస్ ఒక్కసారిగా ఆయన ఒంట్లోకి వచ్చేసింది.

ఇద్దరు ఆఫీసర్లు ఏప్రిల్ ఎండలో, బీడు నేలమీద, గొడుగు కూడా లేకుండా నిలబడటమా? అదీ షామియానాలు అద్దెకిచ్చే మనిషి స్థలంలోనా? రేపు ఊళ్ళో మొహమెట్లా చూపించాలి?

"ఉన్నదున్నట్టు ఉంచమందిగా ఆ అమ్మాయి" అంది అబీదా.

"ఉంచుతాను. నేల జోలికి పోను. పైన నీడ వేస్తానంతే" అన్నాడు ఖాదర్‌బాషా.

రంగు రంగుల షామియానాలన్నీ నెమలి గ్రామంలో గుడి దగ్గర కార్యక్రమానికి వెళ్ళిపోయాయి. గోడౌనులో మిగిలినవి టార్పాలిన్లే. అయితేనేం, శుభ్రంగా కడిగినవేగా అనుకున్నాడు. పెద్ద పనివాడు ఇమ్మాన్యుయేల్ పొద్దున్న ఏడింటికే గొట్టాలు పాతి, తొమ్మిదింటికల్లా ఐదు సెంట్లూ కప్పేశాడు. చూస్తే కొంచెం ఇరుకుగా అనిపించింది. పక్కనే ఎరువుల దుకాణం బ్రహ్మయ్య గారిది పది సెంట్ల ఖాళీ స్థలం ఉంది. ఆఫీసర్లొస్తున్నారంటే ఆయన సంతోషంగా వేసుకోమన్నాడు. కార్లు ఎండలో పెట్టకూడదని అక్కడ కూడా వేశారు. పదీ నలభైకి, ఆకాశంలో మబ్బు తునక కూడా లేని వేళ, పదిహేను సెంట్ల నీలం పందిరి కింద ఖాదర్‌బాషా ఇస్త్రీ చొక్కాతో, మజ్జిగ గ్లాసులతో ఎదురుచూస్తూ నిలబడ్డాడు. పైనుంచి వెళ్ళవలసింది వెళ్ళిపోయింది.

సాయిప్రసన్న దారిలో ఆలస్యమై పదకొండుంబావుకి వచ్చింది. సన్నగా, నల్ల కళ్ళద్దాలతో, చేతిలో ఫోనంత యంత్రంతో ఉంది. పందిరి కింద అటూ ఇటూ తిరిగి, నేల తవ్వి చూసి, పొడి నేల అని రాసుకుంది. ఉదయ్ కుమార్ కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతూ, కంప్యూటర్లో నీలంగా ఉన్న చోట నిజంగానే దుమ్ము ఉండటం చూసి కొంచెం నొచ్చుకున్నాడు. ఆ తర్వాత సాయిప్రసన్న ఫొటో తీద్దామని రోడ్డు మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి చాలాసేపు కదల్లేదు. తిరిగొచ్చి నెమ్మదిగా అడిగింది.

"బాషా గారూ, ఇది ఎన్నింటికి వేశారండీ?"

"తొమ్మిదికల్లా అయిపోయిందమ్మా. మీరు పదీ నలభైకి వస్తానన్నారుగా, ఆలస్యం కాకూడదని."

"మామూలు రోజుల్లో ఇక్కడ ఏం చేస్తారు?"

"ఏమీ చేయమమ్మా. టార్పాలిన్లు ఆరేసుకుంటాం. పొద్దున్న పరిచి మధ్యాహ్నం తీసేస్తాం."

సాయిప్రసన్న అక్కడున్న కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వు ఆపుకోబోయి వెక్కిళ్ళు తెచ్చుకుంది. ఖాదర్‌బాషా మంచినీళ్ళిచ్చాడు. తేరుకున్నాక ఆ అమ్మాయి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. కంప్యూటర్‌కి చెరువంటే తెలియదు, నీళ్ళంటే తెలియదు. ఒక్కో గడి నుంచి ఏ రకం వెలుతురు ఎంత తిరిగొచ్చిందో చూసుకుని, దాన్ని బట్టి ఇది చేను, ఇది ఇల్లు, ఇది నీరు అని పేరు పెట్టుకుంటుంది. పరిచిన నీలం ప్లాస్టిక్‌నీ నీళ్ళనీ చూసి ఒకటే అనుకుంటుంది. ఇంతవరకు చెప్పి ఆ అమ్మాయి తలెత్తి పందిరిని చూసింది. మొహంలో నవ్వు పోయింది. నేల పొడిగా ఉందని తను రాసినా, దానికి జతగా ఖాళీ నేల కనిపించే ఉపగ్రహం ఫొటో ఒక్కటైనా పెట్టాలి. పెట్టకపోతే పటం మార్చరు. ఇవాళ్టి ఫొటోలో చెరువు పోకపోగా మూడింతలు పెరిగి ఉంటుంది.

పెరిగింది. రెండు రోజుల తర్వాత ఉదయ్ కుమార్ కంప్యూటర్లో నీలం గళ్ళు రెండు కాస్తా ఆరయ్యాయి. అందులో నాలుగు బ్రహ్మయ్య గారివి.

బ్రహ్మయ్య గారు ఎరువుల గోడౌను కట్టుకుందామని అదే ఆఫీసులో ప్లాను పెట్టుకున్నాడు. అది కూడా ఆగిపోయింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో సంచీతో ఆయన టెంట్ హౌస్‌కి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా పావుగంట మాట్లాడాడు. కార్లకి నీడ వేసుకోమంటే చెరువు తవ్వి పెట్టాడన్నాడు. ఇన్నేళ్ళ స్నేహానికి ఇదా మర్యాద అన్నాడు. ఖాదర్‌బాషా తల వంచుకుని అంతా విన్నాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాణ్ణి ఎంతసేపని తిడతారు? చివరికి ఇద్దరూ కలిసి షాపులో క్యాలెండర్ ముందు నిలబడి ఉపగ్రహం వచ్చే రోజులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టారు. పదమూడు, పద్దెనిమిది, ఇరవై మూడు, ఇరవై ఎనిమిది. ముహూర్తాలు చూసుకునే క్యాలెండర్లో అవి కూడా ముహూర్తాల్లాగే కూర్చున్నాయి.

పదమూడున స్థలం అద్దంలా ఉంది. పదింటికి మబ్బు పట్టింది. పదకొండున్నరకి విడిపోయింది. పద్దెనిమిదిన తెల్లారుజాము నుంచే మబ్బు. రెడ్డిగూడెం మామిడి రైతులు వాన పడితే కాయ రాలిపోతుందని ఆకాశం వంక చూస్తుంటే, ఖాదర్‌బాషా, బ్రహ్మయ్య గారు కూడా వాళ్ళకంటే దిగులుగా చూశారు. తోటలున్న వాళ్ళేమోనని దారినపోయే వాళ్ళు ఓదార్చారు కూడా.

ఇరవై మూడున మబ్బు లేదు, ఎండ ఫెళ్ళుమంటోంది. ఖాదర్‌బాషా గొల్లపూడి వైపు పనుండి వెళ్ళి, స్థలం చూసుకోమని బ్రహ్మయ్య గారికి అప్పగించాడు. బ్రహ్మయ్య గారు శ్రద్ధగల మనిషి. ఫొటోలో దుమ్ము రేగి మసగ్గా పడుతుందేమోనని ఆయనకి అనుమానం వచ్చింది. ఇంట్లో ఏ శుభకార్యానికి ఫొటో తీయించినా ముందు వాకిలి కళ్ళాపి చల్లించడం వాళ్ళింటి అలవాటు. తొమ్మిదిన్నరకి వాటర్ ట్యాంకర్ తెప్పించి రెండు స్థలాలూ నిండా తడిపించాడు. దుమ్ము అణిగింది. అంతా అయ్యాక చూసుకుని చాలా తృప్తిపడ్డాడు.

ఇరవై అయిదున ఉదయ్ కుమార్ ఫోన్ చేసి, శుభవార్త అన్నాడు. చెరువు బాగా తగ్గిపోయిందట. ఇంకా తడి మిగిలి ఉంది కాబట్టి ఎండుతున్న చెరువు కింద చూపిస్తోందట. ఖాదర్‌బాషా ఫోన్ పెట్టేసి, షాపులోనే ఉన్న బ్రహ్మయ్య గారి వంక చూశాడు. ఈసారి ఆయన కుర్చీ వేయకుండానే కూర్చున్నాడు.

ఇక మిగిలింది ఇరవై ఎనిమిది ఒక్కటే. ఆ ముందు రోజు ఖాదర్‌బాషాకి అన్నం సహించలేదు. అబీదాతో తనవల్ల కాలేదని, ఈ జన్మకి ఆ మెట్ల కిందే ఉండాలేమోనని అన్నాడు. అబీదా కంచం ముందుకు జరిపి, రేపు తనూ వస్తానంది. ఇన్నాళ్ళూ రాననుకుందో, రమ్మని ఆయన అడగలేదో గాని, ఉపగ్రహం పోయే రోజున ఆవిడ స్థలం దగ్గరికి రావడం అదే మొదటిసారి.

పదీ ఐదుకి ఇద్దరూ స్కూటర్ మీద మలుపు తిరిగారు. ఎదురుగా స్థలం నిండా, అంచు నుంచి అంచు దాకా, నీలంగా మెరిసిపోతోంది.

ఇమ్మాన్యుయేల్ మూడు రోజులుగా రెడ్డిగూడెంలో పెళ్ళి పందిళ్ళ దగ్గరే ఉండిపోయాడు. ఛార్జింగ్ లేక ఫోన్ ఆగిపోయి, అది ఏ తారీకో కూడా తెలియలేదు. రాత్రి అక్కడ జల్లు పడి టార్పాలిన్లన్నీ తడిశాయి. తడివి ఉంచకూడదని పొద్దున్నే వ్యాన్లో తెచ్చి, ఎప్పటిలాగే పరిచి, పద్ధతిగా నాలుగు అంచులా రాళ్ళు కూడా పెట్టి, వేపచెట్టు కింద కూర్చుని టీ తాగుతున్నాడు. యజమానిని చూసి లేచి, పదహారూ ఒక్కటీ చిరగకుండా వచ్చాయని సంతోషంగా చెప్పాడు. పక్క స్థలంలో కూడా వేసుకోవచ్చుగదా అని ఈసారి ఎడంగా పరిచానని కూడా చెప్పాడు.

అప్పటికే బ్రహ్మయ్య గారి కారు వచ్చి ఆగింది. ఆయన దిగి, చూసి, సంచీ కారులో పడేసి, పంచె ఎగ్గట్టాడు.

తడి టార్పాలిన్ మడతపెట్టడం మామూలు పని కాదు. ఇద్దరు రెండు మూలలా పట్టుకోవాలి, నీళ్ళు ఒక వైపుకి ఒంచాలి, సగానికి సగం కలపాలి, గాలి పోయేలా తొక్కి మళ్ళీ మడవాలి. ఒక్కొక్కటికి నాలుగు నిమిషాలు. ముప్పై ఏళ్ళలో ఖాదర్‌బాషా ఒక్క టార్పాలిన్ కూడా నలిపి ఎరగడు. కొత్త పనివాడు ఎవడైనా కుక్కి పెడితే ఆ పూటంతా తిట్టేవాడు. ఇప్పుడు కూడా చేతులు వాటంతట అవే మూలకి మూల కలుపుతున్నాయి. ఇమ్మాన్యుయేల్ అంచులు సరి చూస్తున్నాడు. పావుగంటలో నాలుగే అయ్యాయి.

"మడతలు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు లాగండి" అంది అబీదా.

"నలిగిపోతాయి" అన్నాడు ఖాదర్‌బాషా, అలవాటు కొద్దీ.

అబీదా కొంగు నడుముకి దోపి, అందులో పెద్దదాని మూల పట్టుకుని, వీపు తిప్పి, ఒక్కతే రోడ్డు అవతల వేపచెట్టు దాకా ఈడ్చుకుపోయింది. అది చూశాక ఖాదర్‌బాషా చేతుల్లో ఉన్న మడత వదిలేశాడు. ఆ తర్వాత జరిగింది చెప్పుకుంటే టెంట్ హౌస్ పరువు పోతుంది. లాగారు, చుట్టారు, కుక్కారు, దొర్లించారు. బ్రహ్మయ్య గారు ఒకదాన్ని లాగబోయి, తను దాని మీదే నిలబడి ఉన్నట్టు కాసేపటి దాకా గమనించలేదు. గమనించాక జారి కూర్చున్నాడు. కూర్చునే దాన్ని చివరిదాకా పోగు చేశాడు. పంచె నిండా బురద. వేపచెట్టు కింద నీలం గుట్ట నడుమెత్తు లేచింది. ఇమ్మాన్యుయేల్ మాత్రం కన్నీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు.

పదీ ముప్పై ఎనిమిదికి నేలమీద ఏమీ మిగలలేదు. తడి పట్టిన చోట కూడా ఆ ఎండకి అప్పుడే తెల్లబడిపోతోంది. నలుగురూ రొప్పుతూ చెట్టు కిందికి చేరి ఆకాశంలోకి చూశారు. ఉపగ్రహం కంటికి కనపడదని సాయిప్రసన్న ఎప్పుడో చెప్పింది. అయినా చూశారు. పడమటి నుంచి దూదిపింజంత మబ్బు ఒకటి బయలుదేరింది. అది వాళ్ళ నెత్తి మీదికి వచ్చేలోపు పదీ నలభై ఒకటయింది.

ఖాదర్‌బాషా పక్కకి చూస్తే అబీదా లేదు. ఎండలో, స్థలం మధ్యకి కొంచెం తూర్పుగా, ప్లానులో వంటిల్లు ఉన్నచోట ఒక్కతే నిలబడి ఉంది. ఆయన కంగారుగా వెళ్ళి, పది మీటర్ల గడిలో మనిషి కనపడదని, అక్కడ నిలబడి లాభం లేదని చెప్పాడు.

"నన్ను చూడమని నిలబడలేదండీ. కప్పు ఎంత ఎత్తులో వేయించాలో చూసుకుంటున్నాను" అంది ఆవిడ. నిటారుగా ఉన్న భార్యని అంత తీరిగ్గా ఎప్పుడు చూశాడో ఆయనకి గుర్తు రాలేదు. మొగుడి కంటే ఆవిడ రెండంగుళాలు పొడుగు.

ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం ఖాదర్‌బాషా, బ్రహ్మయ్య గారు ఆఫీసులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. సాయిప్రసన్న రాసి పంపిన కాగితం, ఇరవై ఎనిమిదో తారీకు ఫొటో రెండూ వచ్చేశాయి. ఉదయ్ కుమార్ కంప్యూటర్ ఇటు తిప్పాడు. ఆరు గళ్ళూ గోధుమరంగులో ఉన్నాయి. ఆయన ప్రింటు తీసి, సంతకం పెట్టి, చెరో కాగితం ఇచ్చాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, వాటి కింద భూమి రకం అన్నచోట పెద్ద అక్షరాల్లో "బంజరు" అని ఉంది. తన నేల బంజరని తేలినందుకు అంత సంతోషించిన మనిషిని ఆ ఆఫీసు అంతకుముందు చూసి ఉండదు. ఇద్దరూ లేచి నిలబడి ఒకరినొకరు కౌగిలించుకున్నారు. బ్రహ్మయ్య గారు ఎదురుగా ఉన్న స్వీటు షాపుకి మనిషిని పంపి, ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచాడు. ఎందుకండీ అని అడిగిన వాళ్ళకల్లా మా స్థలాలు బంజరైపోయాయని గర్వంగా చెప్పాడు. అడిగిన వాళ్ళు లడ్డూ తీసుకుని, సానుభూతిగా తలాడించి వెళ్ళారు.

ఖాదర్‌బాషా ఇంటికొచ్చి కాగితం అబీదా చేతికిచ్చాడు. ఆవిడ మెట్ల కింది నుంచి ఇవతలికి వచ్చి, చేతులు తుడుచుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన బెదిరిపోయాడు. మళ్ళీ ఏం తప్పు పడిందోనని కాగితం లాక్కుని చూశాడు. ఏమీ లేదు. చెరువు పోయిందని, ప్లాను సోమవారం పాసవుతుందని రెండు మూడుసార్లు చెప్పాడు.

"తెలుసండీ. అంత పైనుంచి చూసి కూడా అక్కడ ఏమీ లేదని రాశారు. ఇంక అక్కడ ఉండాల్సింది మనమే" అంది అబీదా.

ఖాదర్‌బాషా కాసేపు ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీసి మేస్త్రీకి చేసి, సోమవారం పునాది గీతలకి ముగ్గు తీసుకుని రమ్మన్నాడు.